వేసవి సెలవుల్లో వార్తారచన నేర్చుకోవడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యార్థుల కోసం

నేను ఒక పత్రిక జిల్లా డెస్కులో, విలేకరుల వార్తలను దిద్దే సబ్ ఎడిటరుగా చేరిన తొలి నెలల్లో మా డెస్క్ ఇన్‌ఛార్జి నా కాపీ (అచ్చుకు ముందు రాసిన వార్త ప్రతి) అంచున ఎర్ర సిరాతో తరచుగా రెండే మాటలు రాసేవారు: "ఎలా తెలుసు?" ప్రమాదానికి గురైన మోటారు సైకిలు అతివేగంగా వచ్చిందని రాస్తే, ఆ వేగం ఎలా తెలుసని అడిగేవారు. గ్రామసభకు జనం భారీగా తరలివచ్చారని రాస్తే, ఎవరు లెక్కపెట్టారని అడిగేవారు. ఇప్పుడు నెల్లూరులో తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు చదివే పిల్లలకు వేసవిలో వార్తారచన చెబుతున్నప్పుడు నేను కూడా వాళ్ల నోటుపుస్తకాల అంచున ఆ రెండు మాటలే రాస్తున్నాను. జర్నలిజం మీద ఇష్టం ఉన్న విద్యార్థి ఒక వేసవిలో నేర్చుకోదగిన అసలు పని, నా ఉద్దేశంలో, తాను రాసిన ప్రతి వాక్యం గురించీ ఈ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పగలగడమే. కెమెరా ముందు మాట్లాడటం, వీడియో కూర్చడం, శీర్షికలు పెట్టడం వంటివన్నీ దాని తరువాత నేర్చుకోవచ్చు.

గత కొన్నేళ్లుగా మన రాష్ట్రంలో పాఠశాలలకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు సెలవులు ఇస్తున్నారు. అంటే చేతిలో ఏడు వారాలు ఉంటాయి. అందులో మొదటి వారం తరగతిని వెతుక్కోవడానికి, చివరి వారం పుస్తకాలు, యూనిఫారాల హడావిడికి పోయినా, అయిదు వారాలు నికరంగా మిగులుతాయి. ఆ అయిదు వారాలను ఎలా వాడుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

తరగతిని ఎంచుకోవడం

మన జిల్లాల్లో పిల్లలకు ప్రత్యేకంగా జర్నలిజం నేర్పే వేసవి తరగతులు తక్కువ. పెద్ద పత్రికలు నడిపే జర్నలిజం పాఠశాలలు డిగ్రీ పూర్తయినవారిని ప్రవేశపరీక్ష ద్వారా తీసుకుంటాయి కనుక అవి మీకు మరికొన్నేళ్ల తరువాతి మాట. అందువల్ల ముందుగా మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లండి. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏటా వేసవిలో పిల్లలకు విజ్ఞాన శిబిరాలు నిర్వహిస్తాయి. వాటిలో కథలు చదివించడం, చిత్రలేఖనం, స్పోకెన్ ఇంగ్లిష్ వంటివి ఎక్కువగా ఉంటాయి గానీ, అయిదారుగురు విద్యార్థులు కలిసి వెళ్లి గ్రంథాలయాధికారిని అడిగితే వారానికి రెండు గంటలు వార్తారచనకు కేటాయించడానికి సాధారణంగా ఎవరూ కాదనరు. పాఠం చెప్పడానికి మీ పట్టణంలో పదవీ విరమణ చేసిన విలేకరులో, సబ్ ఎడిటర్లో తప్పక ఉంటారు. అడిగితే సంతోషంగా వచ్చేవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఫీజు తీసుకుని నడిపే తరగతిలో చేరదలచుకుంటే, చేరేముందు మీ అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్లి రెండు సంగతులు అడగండి. మొదటిది: నేను రాసిన కాపీని ఎవరైనా కలంతో దిద్దుతారా, ఎన్నిసార్లు దిద్దుతారు? రెండవది: విద్యార్థులను తరగతి గది బయటికి తీసుకువెళతారా? ఈ రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే, గది ఎంత చల్లగా ఉన్నా, కెమెరాలు ఎంత పెద్దవి అయినా అక్కడ చేరవద్దు. వార్త రాయడం ఉపన్యాసం వింటే వచ్చే విద్య కాదు. రాసింది కొట్టివేయించుకుని, మళ్లీ రాసి, మళ్లీ కొట్టివేయించుకుంటేనే అబ్బుతుంది. ఇరవై మందికి ఒక శిక్షకుడు ఉంటే కాపీలు దిద్దగలరు, ఎనభై మందికి ఒక్కరే అయితే దిద్దలేరు. ఈ లెక్క మీరే వేసుకోవచ్చు.

చేరిన మొదటి రోజే మెడలో వేసుకునే "ప్రెస్" కార్డు ఇస్తామని, బండికి అంటించుకునే స్టిక్కరు ఇస్తామని చెప్పే చోటికి, శిక్షణ పేరుతో దుకాణాల నుంచి ప్రకటనలు తెమ్మనే చోటికి అసలు వెళ్లవద్దు. పనిచేస్తున్న పాత్రికేయులకు గుర్తింపు ఇచ్చేది రాష్ట్ర సమాచార, పౌర సంబంధాల శాఖ. డబ్బు తీసుకుని కార్డు అమ్మేవారికీ జర్నలిజానికీ సంబంధం లేదు. మా తరగతికి వచ్చే ముందు ఒక అబ్బాయి అలాంటి కార్డు ఒకటి కొనుక్కున్నాడు. దాన్ని పక్కన పెట్టేయడానికి అతనికి మనసు రాలేదు. విద్యార్థిగా అడిగితే ఆదరంగా మాట్లాడే చిన్న వ్యాపారులు ఆ కార్డు చూడగానే భయంతో మాట దాచుకుంటున్నారని, రెండు వారాలు తిరిగాక అతనే వచ్చి చెప్పాడు.

మొదటి వారం: చదవడం, ఇంట్లో అడగడం

తరగతి మొదలైనా కాకపోయినా, మొదటి వారం రోజూ ఉదయం గ్రంథాలయానికి వెళ్లి ఒకే సంఘటనను మూడు పత్రికల్లో చదవండి. జిల్లా పేజీల్లో వచ్చే వార్తే అయితే మంచిది, ఎందుకంటే ఆ చోటు మీకు తెలిసి ఉంటుంది. మూడింటిలోనూ ఉన్న సమాచారం కింద ఒక రంగు గీత, ఒక్కదానిలోనే ఉన్న సమాచారం కింద ఇంకొక రంగు గీత గీయడానికి వీలుగా వార్తలను నోటుపుస్తకంలో ఎత్తి రాసుకోండి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నల్లో ఏ పత్రిక దేనికి జవాబు ఇవ్వలేదో పక్కన రాయండి. ఎక్కువసార్లు ఖాళీగా మిగిలేది "ఎందుకు" అని నాలుగైదు రోజుల్లోనే మీకు కనిపిస్తుంది.

ఈ ప్రాంతపు పత్రికా చరిత్ర కూడా కొంత తెలుసుకోండి. ఇది మీరు ఊహించే దానికన్నా పెద్దది. ప్రకాశం జిల్లాకు పేరు ఇచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు 1921లో మద్రాసులో స్వరాజ్య దినపత్రికను స్థాపించి నడిపిన సంపాదకుడు. ఆ పత్రికలో పనిచేసిన ఖాసా సుబ్బారావు నెల్లూరు జిల్లా మనిషి. 1938లో లక్నోలో మొదలైన నేషనల్ హెరాల్డు దినపత్రికకు తొలి సంపాదకుడైన కోటంరాజు రామారావు చీరాలలో పుట్టారు. నెల్లూరు నుంచి 1930లో మొదలైన జమీన్ రైతు వారపత్రిక పేరు మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది.

అన్నిటికన్నా దగ్గరి పాఠం దూబగుంట. 1990వ దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమం నడుస్తున్నప్పుడు రాత్రి బడికి వచ్చిన దూబగుంట మహిళలు రోశమ్మ ముందుండగా తమ ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ కదలిక ఊరి నుంచి ఊరికి పాకి, రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఈనాడు పత్రిక ఆ ఉద్యమ వార్తలకు ప్రత్యేకంగా ఒక పేజీనే కేటాయించింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు.

మీ తొలి ఇంటర్వ్యూ ఇక్కడే మొదలుపెట్టవచ్చు. మీ అవ్వనో, పక్కింటి పెద్దావిడనో కూర్చోబెట్టి, ఆ రోజుల్లో మీ ఊళ్లో ఏం జరిగిందో అడిగి రాసుకోండి. ఆమె చెప్పే సంవత్సరం, పుస్తకంలోని సంవత్సరం కలవకపోవచ్చు. అంతమాత్రాన ఆమె చెప్పింది అబద్ధమని కాదు. కళ్లతో చూసిన విషయాన్ని, విన్న విషయాన్ని, తేదీలను వేర్వేరుగా సరిచూసుకోవాలని మాత్రమే దాని అర్థం. ఈ తేడా ఇంట్లోనే తెలుసుకుంటే బయట తప్పులు తగ్గుతాయి.

మనుషులను అడగడం

రెండో వారంలో బయటికి వెళ్లండి. మన ఎండల్లో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, ఉదయం పది లోపు, సాయంత్రం నాలుగు తరువాత మాత్రమే తిరగండి. ఒంటరిగా కాక ఇద్దరుగా వెళ్లండి. ఎక్కడికి వెళుతున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

మా తరగతి పిల్లలను నేను మొదట తీసుకువెళ్లేది సముద్రపు ఒడ్డుకు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక యాంత్రిక, మోటారు పడవలపై వేట నిషేధం ఉంటుంది. మీ సెలవులు దాదాపు పూర్తిగా ఈ నిషేధ కాలంలోనే వస్తాయి. మైపాడు గాని, జువ్వలదిన్నె గాని, మీకు దగ్గరలోని మరే పట్టపుపాలెం గాని వెళితే, పడవలు ఒడ్డున ఉంటాయి, మనుషులు తాటాకు పందిళ్ల కింద వలలు బాగు చేసుకుంటూ ఉంటారు, మాట్లాడటానికి వాళ్లకు తీరిక ఉంటుంది. కొత్తగా ప్రశ్నలు అడగడం నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

పిల్లలు వెళ్లగానే అడిగే మొదటి ప్రశ్న, "మీ సమస్యలేమిటి?" అనే. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు కూడా అంత వదులుగానే ఉంటుంది: "ఏం సమస్యలంటే ఏం చెప్తాం నాయనా, అన్నీ సమస్యలే." అక్కడితో మాట ఆగిపోతుంది. దానికి బదులు ఇలా అడగండి: నిషేధానికి ముందు చివరిసారి ఏ రోజు వేటకు వెళ్లారు? ఆ రోజు ఏ చేపలు పడ్డాయి? వాటిని ఎవరు కొన్నారు, కిలో ఎంతకు కొన్నారు? పడవ యజమానికి ఎంత, పడవలో పనిచేసే కలాసీకి ఎంత వచ్చింది? ఇప్పుడు ఏ పనికి వెళుతున్నారు, దానికి రోజుకు ఎంత ఇస్తున్నారు? ప్రభుత్వ సాయం మీ ఖాతాలో పడిందా, ఏ తేదీన పడింది? ఇలా అంకె, తేదీ, పేరు, వస్తువు ఉన్న ప్రశ్న వేస్తే మనిషి గుర్తు తెచ్చుకుని చెబుతాడు. జవాబు వచ్చాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా కొద్దిసేపు ఊరుకోండి. చాలామంది అసలు సంగతి ఆ నిశ్శబ్దం తరువాతే చెబుతారు.

మాట్లాడేవారి పేరు ఆఖరున అడగండి, కానీ జాగ్రత్తగా అడగండి. రాయడం వచ్చినవారి చేత మీ నోటుపుస్తకంలోనే రాయించుకోండి. లేనివారికి మీరు రాసింది చదివి వినిపించండి. ఇంటి పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఊరు తప్పనిసరి. ఈ విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఒకరోజు రాత్రి పది దాటాక ఒక మండలం నుంచి రోడ్డు ప్రమాద వార్త వచ్చింది. చనిపోయిన వ్యక్తి పేరు, ఇంటి పేరు, ఊరు ఉన్నాయి. తండ్రి పేరు, వయసు లేవు. పేజీని అచ్చుకు వదలవలసిన సమయం దగ్గర పడిందని నేను విలేకరికి ఫోన్ చేయకుండానే వార్త పెట్టేశాను. ఆ ఊళ్లో అదే ఇంటి పేరుతో, అదే పేరుతో మరొక ఆయన ఉన్నారు. తెల్లవారగానే పొరుగూళ్ల నుంచి ఆయన బంధువులు దండలు పట్టుకుని ఆటోల్లో దిగారు. వృద్ధురాలైన ఆయన తల్లి ఆ ఏడుపులు విని వాకిట్లోనే స్పృహ తప్పి పడిపోయారని మధ్యాహ్నం తెలిసింది. మరునాడు సవరణ వేశాం. ఒక్క ఫోను చేసి ఉంటే ఆ సవరణ అవసరం ఉండేది కాదు.

గొంతు రికార్డు చేయాలనుకుంటే ముందుగా అనుమతి అడగండి, ఫోటో తీయాలన్నా అంతే. రికార్డు చేస్తున్నామని నోటుపుస్తకం మూసేయవద్దు. చేతిలో ఏముంది, పక్కన ఎవరున్నారు, ఏ మాట దగ్గర గొంతు తగ్గింది అనేవి ఫోనులో నమోదు కావు.

రాయడం, దిద్దించుకోవడం

ఒక వేసవిలో మా తరగతికి వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి తన తొలి వార్తను ఇలా రాసింది:

"మా వీధిలో ప్రజలు తాగునీటి కోసం తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు. ట్యాంకర్లు సక్రమంగా రావడం లేదు. పలుమార్లు ఫిర్యాదు చేసినా అధికారులు పట్టించుకోవడం లేదు. ఇప్పటికైనా స్పందించాలని స్థానికులు కోరుతున్నారు."

భాషలో తప్పేమీ లేదు. అచ్చం పత్రికలో వచ్చినట్లే ఉంది, చిక్కు కూడా అదే. ఈ నాలుగు వాక్యాలను ఏ ఊరికైనా, ఏ వేసవికైనా అతికించవచ్చు. ఒక్కో వాక్యం పక్కన "ఎలా తెలుసు?" అని రాసి ఇచ్చాను. సక్రమంగా రావడం లేదంటే ఎన్ని రోజులకు రావాలి, ఎన్నిసార్లు వచ్చింది? పలుమార్లు అంటే ఎన్నిసార్లు, ఎవరు ఫిర్యాదు చేశారు, కాగితం ఉందా? స్థానికులు అంటే ఎవరు? ఆ అమ్మాయి వారం రోజులు వీధిలో ఇంటింటికీ తిరిగి, ట్యాంకరు డ్రైవరుతో, పంచాయతీ కార్యదర్శితో మాట్లాడి, మూడోసారి తెచ్చిన కాపీ ఇది:

"మా వీధిలోని 42 ఇళ్లకు రెండు రోజులకు ఒకసారి రావలసిన తాగునీటి ట్యాంకరు మే నెల మొదటి పది రోజుల్లో మూడుసార్లే వచ్చింది. వచ్చినప్పుడు ఇంటికి నాలుగు బిందెల చొప్పున నీళ్లు ఇస్తున్నారు. మిగిలిన రోజుల్లో క్యాన్ల నీళ్లు కొనుక్కుంటున్నామని 31 ఇళ్లవారు చెప్పారు. డీజిలు బిల్లు అందనందున ఆ ప్రకారం రాలేకపోతున్నానని ట్యాంకరు డ్రైవరు అంటుండగా, బిల్లులన్నీ చెల్లించామని పంచాయతీ కార్యదర్శి చెప్పారు."

తీవ్రత అనే మాట పోయింది, తీవ్రత మాత్రం పెరిగింది. ఇద్దరి మాటలు ఒకదానితో ఒకటి కలవడం లేదన్న సంగతి బయటపడింది. ఎవరిది నిజమో ఆమె తేల్చలేదు, తేల్చినట్లు నటించలేదు. తేల్చడానికి ఏం చేయాలన్నది తరువాతి మెట్టు.

మీరు రాసేటప్పుడు పలువురు, భారీగా, ఘనంగా, సక్రమంగా, తీవ్రంగా, వివరాల్లోకి వెళితే అనే మాటలు రాగానే ఆగండి. అవి తప్పు మాటలు కావు, కానీ లెక్కపెట్టని చోట, చూడని చోట వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. ఇంకొక సంగతి మన భాషకే ప్రత్యేకమైనది. అధికారిని "ఆయన అన్నారు" అని, కూలీని "అతను అన్నాడు" అని రాసే అలవాటు మనలో చాలామందికి తెలియకుండానే ఉంటుంది. మా పిల్లల కాపీల్లో కార్యదర్శి "చెప్పారు", డ్రైవరు "చెప్పాడు" అని కనిపించినప్పుడు దాన్ని కూడా ఎర్ర సిరాతో దిద్దుతాను. వార్తలో మాట్లాడిన పెద్దలందరికీ ఒకే గౌరవం ఉండాలి. అలాగే మన నెల్లూరు యాసలో చెప్పిన మాటను ఉటంకింపులో పెట్టదలిస్తే, అందరివీ అలాగే పెట్టండి. చదువుకున్నవారి మాటను శిష్టంగా దిద్ది, చదువుకోనివారి మాటను మాత్రం యాసలో వదిలేస్తే అది వెక్కిరింపు అవుతుంది.

టైపింగు గురించి ఒక్క మాట. డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ అను ఫాంట్లు అనే పాత తరహా అక్షరాలు వాడుతుంటారు. వాటిలో టైపు చేసినదాన్ని ఫోనులోకి మార్చితే అర్థంకాని గుర్తులు వస్తాయి. మీరు మొదటి నుంచీ ఏ ఫోనులోనైనా, కంప్యూటరులోనైనా చదవగలిగే యూనికోడ్‌లో, వీలైతే భారతీయ భాషల ప్రామాణిక అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద నేర్చుకోండి. రోజుకు అరగంట చొప్పున సాధన చేస్తే సెలవులు ముగిసేలోగా చేయి తిరుగుతుంది.

అంకెలతో జాగ్రత్త

లెక్కలు ఇష్టం లేక జర్నలిజంలోకి వస్తున్నామని చెప్పే పిల్లలు ఉంటారు. వాళ్లను నేను పొగాకు వేలం వార్తల దగ్గర కూర్చోబెడతాను. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కలిగిరి, డి.సి.పల్లి వంటి చోట్ల పొగాకు బోర్డు వేలం కేంద్రాలు ఉన్నాయి. వేసవిలో రోజూ పత్రికలో గరిష్ఠ ధర, కనిష్ఠ ధర, సగటు ధర వస్తాయి. శీర్షికలో ఎక్కువగా కనిపించేది గరిష్ఠ ధర. ఉదాహరణకు ఒక రైతు ఒకే బరువున్న పది బేళ్లు తెచ్చారనుకుందాం. మూడు బేళ్లకు కిలో 280 రూపాయలు, ఏడు బేళ్లకు కిలో 200 రూపాయలు పలికితే, ఆయనకు దక్కిన సగటు 224 రూపాయలే. శీర్షికలో 280 చదివిన పాఠకుడికి ఆ రైతు మొహం ఎందుకు వాడిపోయిందో అర్థం కాదు. పైగా వ్యాపారులు ఎవరూ పాడని బేళ్లను "నో బిడ్" అని వెనక్కి పంపుతారు. ధర పలకలేదు కనుక అవి సగటు లెక్కలోకి రానే రావు. అందువల్ల ఈ రోజు ఎన్ని బేళ్లు వచ్చాయి, ఎన్ని అమ్ముడయ్యాయి, ఎన్ని వెనక్కి పోయాయి అని అడగకుండా సగటు ధర మాత్రమే రాస్తే వార్తలో సగమే చెప్పినట్లు. కేంద్రంలోకి వెళ్లాలంటే వేలం నిర్వహణాధికారి అనుమతి అడగండి. రైతు కుటుంబపు పిల్లలైతే పెద్దవాళ్లతో పాటే వెళ్లవచ్చు.

శాతాల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఒక బడిలో పదో తరగతి ఉత్తీర్ణత 60 శాతం నుంచి 66 శాతానికి చేరితే, పెరిగింది ఆరు శాతపాయింట్లు, లేదా పది శాతం. రెండూ నిజమే గానీ రెండూ ఒకటి కాదు. పరీక్ష రాసింది పదిహేను మందే అయితే శాతం వదిలేసి ఎంతమంది అనే రాయండి.

కాగితం అడగడం

డ్రైవరు ఒక మాట, కార్యదర్శి ఒక మాట చెప్పిన చోటికి తిరిగి వద్దాం. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం ఏ పౌరుడైనా ప్రభుత్వ కార్యాలయాన్ని కాగితాల నకళ్లు అడగవచ్చు. 18 ఏళ్లు నిండాలన్న షరతు ఆ చట్టంలో లేదు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం దరఖాస్తు రుసుము గ్రామస్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబు ఇవ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. కాబట్టి మే మొదటి వారంలోనే ఇస్తే బడి తెరిచేలోగా జవాబు చేతికి రావచ్చు.

దరఖాస్తులో "ట్యాంకరు ఎందుకు రావడం లేదు?" అని రాస్తే ప్రయోజనం లేదు, ఎందుకంటే కారణాలు, అభిప్రాయాలు రాసి ఇవ్వవలసిన బాధ్యత వారికి లేదు. కార్యాలయంలో ఉన్న కాగితాన్నే అడగాలి. తెల్లకాగితం మీద ప్రజా సమాచార అధికారిని సంబోధించి, "గత ఏప్రిల్ 1 నుంచి ఈ రోజు వరకు తాగునీటి ట్యాంకర్లకు చెల్లించిన బిల్లుల నకళ్లు, ట్యాంకరు వచ్చిన తేదీలు నమోదు చేసిన రిజిస్టరు నకలు ఇవ్వగలరు" అని రాయండి. ఇచ్చిన దరఖాస్తు నకలు మీద తేదీతో, ముద్రతో రసీదు తీసుకోవడం మరిచిపోవద్దు. కొన్నిచోట్ల పిల్లలని చూసి తీసుకోకుండా పంపేస్తారు. అప్పుడు వాదన పెట్టుకోకుండా రిజిస్టరు పోస్టులో పంపండి.

కలెక్టరేట్‌లో సోమవారాలు జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గర ఒక పూట కూర్చోవడం కూడా మంచి పాఠం. అర్జీ పట్టుకుని వచ్చినవారిలో ముగ్గురితో మాట్లాడి, ఎన్నోసారి వచ్చారో అడగండి. ఎక్కువమంది పాత అర్జీల రసీదులు సంచిలోనే పెట్టుకుని వస్తారు. మీ వార్తకు కావలసిన తేదీలు ఆ రసీదుల మీదే ఉంటాయి.

మీరు వెళ్లకూడని చోట్లు, రాయకూడని పేర్లు

ప్రమాదాలు, గొడవలు, ఇసుక, మద్యం, రాజకీయ ఘర్షణల వార్తల జోలికి ఈ వయసులో వెళ్లవద్దు. ధైర్యం లేదని కాదు, ఆ వార్తల వెనుక నిలబడే సంస్థ మీకు లేదు కనుక. లైంగిక నేరానికి గురైన పిల్లల పేరు, ఫోటో, ఇల్లు, బడి, కుటుంబ వివరాలు, వాళ్లను గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ సంగతీ బయటపెట్టకూడదని 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షను చెబుతోంది. నేరంలో చిక్కుకున్న పిల్లల వివరాలు కూడా వెల్లడించకూడదని 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షను చెబుతోంది. వాట్సాప్ స్టేటస్ పెట్టడం కూడా వెల్లడించడమే. పదో తరగతి ఫలితాల రోజుల్లో ఎవరైనా విద్యార్థి ప్రాణం తీసుకున్నారని విన్నా, దాన్ని మీ వేసవి అభ్యాసానికి వార్తగా తీసుకోవద్దు.

బంధువుల మీద, మీ బడి మీద, మీ నాన్న పనిచేసే చోటు మీద వార్త రాయవలసి వస్తే ఆ సంబంధాన్ని వార్తలోనే చెప్పండి, లేదా ఆ పని తోటి విద్యార్థికి ఇవ్వండి. నీటి ట్యాంకరు వార్తలో "మా వీధి" అని ఉండటానికి కారణం అదే.

చివరి రెండు వారాలు: ఒక పత్రిక

తరగతిలో ఎంతమంది ఉంటే అంతమంది ఒక్కో వార్త చొప్పున రాసి, ఏ4 కాగితాలతో నాలుగు పేజీల పత్రిక వేయండి. జిరాక్సు తీయించుకోవడానికి పెద్ద ఖర్చు కాదు, అదీ కష్టమైతే పెద్ద అట్ట మీద అతికించి గ్రంథాలయం వరండాలో గోడపత్రికగా పెట్టండి. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దాలి, శీర్షిక మూడో మనిషి పెట్టాలి. దిద్దేవారు రాసినవారి నోటుపుస్తకం పక్కన పెట్టుకుని ప్రతి పేరును, ప్రతి అంకెను వేలు పెట్టి సరిచూడాలి. ఈ పనిలో స్నేహితుల మధ్య కాస్త మనస్పర్థలు వస్తాయి. డెస్కులో ప్రతి రాత్రీ వచ్చేవే. మర్నాటికి సర్దుకుంటాయి.

మీ వార్తల్లో ఒకటి నిజంగా బాగా కుదిరితే, పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ స్థాపించిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా వెబ్‌సైటును చూడండి. గ్రామీణ జీవితం మీద విద్యార్థులు చేసిన పనిని కూడా వాళ్లు ప్రచురిస్తారు, తెలుగులోనూ కథనాలు ఉంటాయి. ఆ కథనాల్లో రెండింటిని ముందు శ్రద్ధగా చదివి, తరువాతే మీది పంపే ఆలోచన చేయండి. ఈ రంగంలోకే రావాలా, దానికి ఏ డిగ్రీ చదవాలి అనే విచారణను ఇంటర్మీడియట్ తరువాతకు వాయిదా వేసుకోవచ్చు. చరిత్ర, ఆర్థికశాస్త్రం, వ్యవసాయం, ఏది చదివినా ఈ పనికి అక్కరకు వస్తుందని తల్లిదండ్రులకు కూడా చెబుతుంటాను.

పత్రిక సిద్ధమయ్యాక మొదటి ప్రతులను మీ వార్తల్లో మాట్లాడినవారికి ఇవ్వండి. మైపాడులో వల కుట్టుకుంటూ మాట్లాడిన కలాసీకి, ట్యాంకరు డ్రైవరుకు, పంచాయతీ కార్యదర్శికి, అందరికీ మీరే వెళ్లి ఇవ్వండి. చదవడం రానివారికి అక్కడే కూర్చుని పూర్తిగా చదివి వినిపించండి. వింటూ ఎవరైనా "నేను అట్లా అనలేదమ్మా" అంటే, సర్దిచెప్పకుండా నోటుపుస్తకం తెరిచి ఆ రోజు రాసుకున్న పుట చూడండి. తప్పు మీదే అయితే అక్కడికక్కడే సరైన మాట రాసుకుని, గోడపత్రిక మీద ఆ వార్త పక్కనే తేదీ వేసి సవరణ అతికించండి.